మునిగిపోయే ఆట: బెదిరిన పసిమనసు ఆటతో ఎలా కుదుటపడుతుంది

ఏడేళ్ల పిల్లవాడొకడు ఇసుకలో కూర్చుని ఆడుకుంటున్నాడనుకుందాం. పెన్నా ఒడ్డున, కోవూరు వైపు ఏదో ఊరు. నాలుగు అగ్గిపెట్టెలు వరసగా పెట్టి ఇళ్లన్నాడు. పక్కన ఒక పుల్ల పాతి, వాళ్ల అవ్వ అన్నాడు. చెంబుతో నీళ్లు తెచ్చి మీద పోశాడు. ఇళ్లు కొట్టుకుపోయాయి, పుల్ల ఒరిగిపోయింది. మళ్లీ ఇళ్లు పెట్టాడు, మళ్లీ నీళ్లు పోశాడు. పదిసార్లు, ఇరవైసార్లు. మర్నాడూ అదే ఆట.

చూసిన పెద్దవాళ్లలో కొందరు "ఏం అశుభం ఆటలురా ఇవి, లే" అని రెక్క పట్టుకుని లేపుతారు. ఇంకొందరు "ఆడుకుంటున్నాడుగా, మర్చిపోయినట్టే" అని గుండె మీద చెయ్యి వేసుకుంటారు. రెండూ పొరపాటే. వాడు మర్చిపోలేదు. నోటికి రానిది చేతులతో చెబుతున్నాడు. అయితే అలా చెప్పుకోవడం వాడికి మేలు చేస్తోందా, భయాన్ని ఇంకా బిగిస్తోందా అన్నది ఆటలో ఏముందో చూస్తే తెలియదు. రోజురోజుకీ ఆట ఎటు పోతోందో చూస్తే తెలుస్తుంది. ఆటతోనే పిల్లల మనసుకు వైద్యం చేసే ప్లే థెరపీ అనే పనికి ఇరుసు ఈ ఒక్క ప్రశ్నే: ఆట కదులుతోందా, ఇరుక్కుపోయిందా?

మన తీరానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. 2004 డిసెంబరు 26 సునామీ నెల్లూరు, ప్రకాశం జిల్లాల పట్టపుపాలేలను, అంటే జాలర్ల ఊళ్లను, తాకింది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలుపట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చింది. వీటి గురించి పేపర్లు రాస్తాయి. జాతీయ రహదారి మీద ప్రమాదంలో కళ్లముందే నాన్న పోవడం, తాగొచ్చి అమ్మను కొట్టడం, అప్పులు తీరక ఇంట్లో ఒకరు పురుగుమందు తాగడం, తెలిసినవాళ్లే ఒంటి మీద చెయ్యి వేయడం పేపరుకెక్కవు, లేదా ఒక మూల చిన్న వార్తగా వచ్చి పోతాయి. బిడ్డకు మాత్రం అన్నీ ఒకటే. తనకు భద్రం అనుకున్న లోకం ఒక్కసారిగా కూలిపోయింది, తానేమీ చేయలేకపోయాడు.

జడుసుకున్నాడంటే

మన వైపు "పిలకాయ జడుసుకున్నాడు" అంటారు. మసీదు దగ్గరికి తీసుకెళ్లి ఊదిస్తారు, అంత్రం కట్టిస్తారు, ఉప్పు మిరపకాయలు దిగదుడుస్తారు. వీటిని వెక్కిరించాల్సిన పనేమీ లేదు. బిడ్డకు ఏదో అయిందని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నారు, దగ్గర కూర్చోబెట్టుకున్నారు. అంతవరకూ మంచిదే. వాతలు పెట్టడం, మిరపకాయల పొగ పట్టడం, చీకటి గదిలో వదిలి "భయం వదిలించడం" మాత్రం భయం మీద భయం. వాటిని గట్టిగా ఆపాలి.

ఆరేడేళ్ల లోపు పిల్లలు జరిగినదాన్ని మొదటి నుంచి చివరి దాకా కథలా చెప్పలేరు. వాళ్లకు అది ముక్కలుగా మిగులుతుంది: బురదనీటి వాసన, రేకుల మీద వాన చప్పుడు, ఎవరిదో కేక. ఆ ముక్కల్లో ఏ ఒక్కటి మళ్లీ తగిలినా శరీరం పాత ప్రమాదంలోకి వెళ్లిపోతుంది. అందుకే మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది, అమ్మ కొంగు వదలరు, తలుపు గట్టిగా పడితే ఉలిక్కిపడతారు, బడికి పోయే వేళకు కడుపునొప్పి అంటారు. మగపిల్లల్లో ఇది చాలాసార్లు కొట్లాటగా బయటికొస్తుంది, దాంతో మందు బదులు దెబ్బలు పడతాయి. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన నిర్ధారణ సూత్రాలను సవరించినప్పుడు, ఆరేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలకు ట్రామా, అంటే మనసును కుదిపేసిన ఘటన, తర్వాత వచ్చే జబ్బుకు విడిగా లక్షణాలు చేర్చింది. జరిగినదాన్ని ఆటలో మళ్లీ మళ్లీ ఆడటం వాటిలో ఒకటి.

లక్షణాలు నెల దాటి నిలిస్తేనే ఆ జబ్బు పేరు పెడతారు. ఆ నెల గడువుకు అర్థముంది. ఘటన జరిగిన మొదటి వారాల్లో చాలామంది పిల్లలు వేళకు అన్నం, వేళకు నిద్ర, తెలిసిన మనుషులు, మళ్లీ బడి ఉంటే తమంతట తామే తేరుకుంటారు. తుఫాను షెల్టరులో అప్పుడు కావాల్సింది థెరపీ కాదు. ఒక మూల పట్టా పరిచి, రోజూ అదే వేళకు అదే మనిషి వచ్చి, పదిహేను మందికి మించకుండా పిల్లల్ని కూర్చోబెట్టుకుని తొక్కుడుబిళ్ల, అచ్చంగిల్లాలు, సుద్దముక్కలతో బొమ్మలు ఆడించడం చాలు. "ఆ రాత్రి ఏమైందో ఒక్కొక్కరూ చెప్పండి" అని వరసగా చెప్పించడం వద్దు. పెద్దవాళ్ల విషయంలో కూడా ఒక్క విడతలో అంతా కక్కించే పద్ధతి తర్వాతి జబ్బును ఆపలేదని పరిశోధనల్లో తేలింది, కొందరికి కీడే చేసింది.

మళ్లీ మళ్లీ ఆడే ఆట, రెండు రకాలు

1976 జులైలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, చౌచిల్లా అనే చిన్న ఊళ్లో, 26 మంది పిల్లలున్న స్కూలు బస్సును దుండగులు ఎత్తుకుపోయారు. పిల్లల్నీ డ్రైవరునీ భూమిలో పూడ్చిన వ్యానులోకి దించి పైన మూసేశారు. గంటల తర్వాత లోపలివాళ్లే దారి చేసుకుని బయటపడ్డారు. అందరూ బతికారు. ఆ పిల్లల్ని తర్వాత ఏళ్ల తరబడి కలుస్తూ వచ్చిన పిల్లల మానసిక వైద్యురాలు లెనోర్ టెర్, వాళ్ల ఆటలో ఒక విషయం పట్టుకున్నారు. మామూలుగా ఆడుకుంటే పిల్లల మనసు తేలికపడుతుంది. వీళ్లు అదే ఘటనను ఆడుతున్నారు, తేలిక మాత్రం పడటం లేదు. ఆట ఉంది, ఆటలో ఉండాల్సిన ఊరట లేదు.

మన అగ్గిపెట్టెల పిల్లవాడి దగ్గరికి వద్దాం. మొదటి వారం నీళ్లు పోశాడు, అన్నీ పోయాయి. రెండో వారం ఒక ఇల్లు కాస్త ఎత్తున పెట్టాడు. మూడో వారం నీళ్లు పోయబోతూ ఆగి, పుల్లను తీసి ఆ ఎత్తు మీద పెట్టాడు. ఇంకోరోజు ఆకు ఒకటి తెచ్చి పడవన్నాడు. ఒకరోజు నీళ్లు చాలా తక్కువ పోశాడు. ఎక్కడో మధ్యలో గట్టిగా ఊపిరి వదిలాడు, భుజాలు దిగాయి, "ఆకలేస్తోంది" అన్నాడు. ఇది కదిలే ఆట. అప్పట్లో తాను చేయలేని పనిని ఇప్పుడు తన చేతులతో చేస్తున్నాడు. పైనుంచి చూస్తే అదే వరద. లోపల మాత్రం నీళ్లు ఎప్పుడు రావాలో ఇప్పుడు వాడే నిర్ణయిస్తున్నాడు.

ఇరుక్కున్న ఆటకు వేరే పోలికలుంటాయి. ప్రతిసారీ అదే వరస, అదే ముగింపు. ఒక అగ్గిపెట్టె పక్కకు జరిగినా తట్టుకోలేడు. ముఖంలో ఏ భావమూ ఉండదు, దవడ బిగుసుకుంటుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, పేరు పెట్టి పిలిచినా వినపడనట్టు ఉంటాడు. ఆట అయ్యాక అలసిపోడు, హాయిపడడు. ఇంకా చిరాకుగా ఉంటాడు, ఆ రాత్రి ఎక్కువ ఉలిక్కిపడతాడు. ఆట జరిగిన రాత్రి నిద్ర ఎలా పట్టిందో రాసిపెట్టమని తల్లిని అడగడం అందుకే. నోటుపుస్తకంలో రోజుకొక గీత చాలు: ఎన్నింటికి పడుకున్నాడు, ఎన్నిసార్లు లేచాడు, పక్క తడిపాడా. థెరపిస్టుకు అంతకు మించిన రిపోర్టు లేదు.

గది, బొమ్మలు, ఇసుక

పన్నెండడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు గది ఉంటే బాగుంటుంది. లేకపోతే అంగన్‌వాడీలో ఒక మూల దుప్పటి పరిచినా నడుస్తుంది. గది పెద్దదా చిన్నదా అన్నదానికంటే ప్రతి వారం అదే చోటు, బొమ్మలు అదే వరసలో ఉండటం ముఖ్యం. లోకం చెప్పాపెట్టకుండా మారిపోతుందని నేర్చుకున్న బిడ్డకు, పోయినవారం పెట్టిన చోటే పాము బొమ్మ దొరకడం కూడా వైద్యమే. బిడ్డ కూర్చునే చోటు నుంచి తలుపు కనపడాలి. గడియ పెట్టకూడదు.

బొమ్మలు మూడు గుంపులు. మొదటిది బతుకులో ఉండేవి: కుటుంబం బొమ్మలు, వంటసామాను, డాక్టరు సామాను, ఆటో, బస్సు, అంబులెన్సు, పడవ, రెండు ఫోన్లు. ఫోన్లు రెండెందుకంటే ఒకటి బిడ్డకు, ఒకటి అవతలివాళ్లకు. ఎదురుగా చెప్పలేని మాట ఫోనులో చెబుతారు. రెండోది కోపం తీర్చుకునేవి: పాము, మొసలి, పులి, పోలీసు, రబ్బరు కత్తి, గుద్దడానికి పాతబట్టలు కూరిన గోతం. మూడోది చేసుకునేవి: మట్టి, రంగులు, కాగితాలు, పలక.

కొనుక్కొచ్చిన బొమ్మల సెట్లలో అందరూ తెల్లగా, బంగారు జుట్టుతో ఉంటారు. అవి పనికిరావు. చీర కట్టిన అమ్మ, లుంగీ కట్టిన తాత, బురఖా వేసుకున్న ఆమె, చంటిబిడ్డ కావాలి. మూడు నాలుగంగుళాల గుడ్డబొమ్మలు దర్జీ దగ్గర మిగిలిన ముక్కలతో కుట్టించవచ్చు. కనీసం పది. గుండీలతో కళ్లు పెట్టినా నోరు నవ్వుతున్నట్టు కుట్టొద్దు. నవ్వే ముఖం ఏడవలేదు. బ్యాటరీతో పాడేవి, పేరున్న కార్టూను బొమ్మలు కూడా వద్దు. వాటికి ముందే ఒక కథ ఉంటుంది, బిడ్డ కథకు చోటుండదు.

వంటసామానుకు ఉదయగిరి చెక్క గరిటెలు భలే పనికొస్తాయి. విరగవు, చప్పుడు చేయవు, ఇంట్లో ఉన్నట్టే ఉంటాయి. మార్కాపురం రాతిపలక సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కాగితం మీద గీసింది మిగిలిపోతుంది. పలక మీద గీసింది గీసినవాడే చెరిపేయగలడు. తనకు హాని చేసిన మనిషి బొమ్మను గీసి, వెంటనే తడిగుడ్డతో తుడిచేసే బిడ్డకు ఆ తుడవడమే అసలు పని. "అయ్యో, చెరిపేశావే" అనకండి, ఫోటో తీయడానికి ఎగబడకండి.

ఇసుక తొట్టెకు వాడుకలో ఉన్న కొలత సుమారు 30 అంగుళాల పొడవు, 20 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల లోతు. తల తిప్పకుండా మొత్తం ఒక్కచూపులో కనపడాలి, అదీ ఈ కొలతలో కిటుకు. లోపల అడుగు, పక్కలు నీలం రంగు వేస్తారు. ఇసుక తోస్తే నీళ్లు కనిపించినట్టుంటుంది. సగం లోతుకు నింపడానికి 22 నుంచి 25 కిలోల పొడి ఇసుక పడుతుంది కాబట్టి కింద గట్టి బల్ల ఉండాలి. ఏటి ఇసుక జల్లించి, కడిగి, ఎండబెట్టి వాడాలి. మైపాడు, కొత్తపట్నం నుంచి సముద్రపు ఇసుక తెస్తే నాలుగైదుసార్లు మంచినీళ్లతో కడగాలి. ఉప్పుండిపోతే తేమ పీల్చి ఎప్పుడూ జిగటగా ఉంటుంది, చేతి గాయాలకు మంట పుడుతుంది. వీలైతే రెండు తొట్టెలు, ఒకటి పొడిది, ఒకటి తడిది.

వరద చూసిన బిడ్డతో నీళ్ల దగ్గర జాగ్రత్త అవసరం. నీళ్లు ఇవ్వకపోతే ఆటే లేదు. బకెట్టు ఇస్తే తొట్టె చెరువవుతుంది, బిడ్డ మళ్లీ మునుగుతాడు. మొదటే "ఇవాళ మనకు మూడు చెంబుల నీళ్లున్నాయి" అని చెప్పి, అరలీటరు చెంబులు మూడు పక్కన పెట్టడం మంచి పద్ధతి. ఎప్పుడు పోయాలో, పోయాలో వద్దో వాడిష్టం. ఒక్కోసారి మూడో చెంబు ముట్టుకోకుండా మిగిల్చి వెళ్తాడు. తడి ఇసుక వాసనకే బిగుసుకుపోయే పిల్లలుంటారు. వాళ్లకు పొడి తొట్టెతోనే మొదలుపెట్టాలి, తడిది మూతపెట్టి కనపడేలా ఉంచాలి, వాళ్లే అడిగేదాకా తీయకూడదు.

మట్టి దొరకని చోట మైదాముద్ద చేసుకోవచ్చు. రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు ఉప్పు, రెండు చెంచాల నూనె కలిపి, ముప్పావు గ్లాసు నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ చపాతీ పిండిలా పిసకాలి. ఉప్పు తగ్గిస్తే తొందరగా బూజు పడుతుంది.

యాభై నిమిషాలు, తక్కువ మాటలు

సెషను వారానికొకసారి, 45 నుంచి 50 నిమిషాలు. అమెరికా మనస్తత్వవేత్త వర్జీనియా ఆక్స్‌లైన్ 1940లలో స్థిరపరచిన పద్ధతిలో ముందు నడిచేది బిడ్డ, వెనక నడిచేది పెద్దమనిషి. వినడానికి తేలిక, చేయడానికి చాలా కష్టం. ఎందుకంటే పిల్లలతో మన మాటల్లో సగం పరీక్షలు: "ఇదేం రంగు? ఎన్నున్నాయి? ఏం బొమ్మ వేశావ్?" మిగతా సగం మెచ్చుకోలు: "అబ్బ, ఎంత బాగుందో!" రెండూ ఇక్కడ పనికిరావు. ప్రశ్న వేస్తే బిడ్డ ఆటలోంచి బయటికొచ్చి జవాబు వెతుక్కుంటాడు. మెచ్చుకుంటే మనకు నచ్చేది చేయడం మొదలుపెడతాడు, నచ్చదనుకున్నది దాచేస్తాడు.

మరి ఏం మాట్లాడాలి? కళ్లకు కనిపించేది. "అది దాని వెనక్కి పోయింది." "నువ్వు ఇంకా గట్టిగా నొక్కుతున్నావు." ఇక్కడ "అది" అనే మాట బంగారం. బిడ్డ పేరు పెట్టేదాకా మనం "పడవ" అనకూడదు. గరిటె వాడికి పడవ కావచ్చు, నాన్న కావచ్చు.

తెలుగులో మనకింకో సౌకర్యం ఉంది. మనం "నేను భయపడ్డాను" అనడం కన్నా "భయమేసింది" అంటాం. కోపమొస్తుంది, ఏడుపొస్తుంది, దిగులేస్తుంది. వచ్చిందేదైనా పోతుంది కూడా. "నువ్వు పిరికివాడివి" అని విని విని ఉన్న బిడ్డకు "దానికి చాలా భయమేసింది" అని బొమ్మ గురించి చెబితే చాలు. వాడే కొంతసేపటికి "నాక్కూడా ఏసింది" అంటాడు. అనకపోయినా ఫరవాలేదు. బొమ్మకు వేసిన భయాన్ని బలవంతంగా బిడ్డ ఒళ్లో వేయకూడదు.

పిలుపుల సంగతి చాలామంది పట్టించుకోరు. మన దగ్గర కొత్తవాళ్లెవరొచ్చినా "మామయ్యకు నమస్తే చెప్పు, అన్నయ్య దగ్గరికి వెళ్లు" అంటాం. బిడ్డకు హాని చేసినవాడు ఇంట్లో "మామయ్య" అయితే, థెరపిస్టును అదే వరసతో పిలిపించడం బిడ్డను బిగదీస్తుంది. ఏమని పిలవాలో బిడ్డనే ఎంచుకోనివ్వాలి. పేరు, మేడమ్, సార్, ఏదైనా సరే.

హద్దులు అవసరం. హద్దు లేని గది బిడ్డకు భద్రంగా ఉండదు. అమెరికాలో ప్లే థెరపీ నేర్పే గురువుగా పేరున్న గారీ లాండ్రెత్ నేర్పిన మూడు మెట్లు మన మాటల్లో ఇలా ఉంటాయి. పిల్లవాడు ఇసుక తీసి మొహాన కొట్టబోతున్నాడు. "నా మీద ఇసుక పోయాలని ఉంది నీకు" అన్నది మొదటి మెట్టు, కోరికను గుర్తించడం. "ఇసుక మనుషుల మీద పోయడానికి కాదు" అన్నది హద్దు. "తొట్టెలో పోయొచ్చు, ఆ గోతం మీద పోయొచ్చు" అన్నది దారి. మొదటి మెట్టు దాటేసి నేరుగా హద్దుకొస్తే అది మామూలు గద్దింపవుతుంది. మూడోది వదిలేస్తే కోపం పోవడానికి దారి ఉండదు. గొంతు పెంచకుండా, మూడూ పది సెకన్లలో చెప్పాలి.

సెషను ముగియడానికి అయిదు నిమిషాలుందనగా ఒకసారి, ఒక్క నిమిషముందనగా ఒకసారి చెప్పాలి. సర్దడం బిడ్డ పని కాదు. మన ఇళ్లలో ఇది గారాబంలా కనిపిస్తుంది. కానీ వాడు ఇసుకలో చెప్పుకున్నదాన్ని వాడి చేతే తుడిపించేస్తే, చెప్పుకోకుండా ఉండాల్సిందన్న పాఠం అందుతుంది. వాడు గుమ్మం దాటాకే తొట్టె చదును చేయాలి.

ఆట ఇరుక్కున్నప్పుడు

నాలుగైదు సెషన్లు ఓపిగ్గా చూసినా ఏ మార్పూ లేకపోతే థెరపిస్టు కొంచెం ముందుకు రావాలి. ఎంత తక్కువలో పని జరిగితే అంత తక్కువే. ముందు శరీరాన్ని కదిలించడం: "కాళ్లు తిమ్మిరెక్కాయి, లేచి ఒకసారి దులుపుకుందాం." ఊపిరి మారితే ఆట మారడానికి వీలు దొరుకుతుంది. తర్వాత, జరుగుతున్నదాన్ని కథ చెప్పినట్టు పైకి చెప్పడం: "నీళ్లొస్తున్నాయి, అవ్వ ఒక్కతే ఉంది, ఎవరూ రావట్లేదు." ఆ పైన ఒక ప్రశ్న: "ఇప్పుడు అవ్వకు ఏం కావాలి?" ఇంకా కదలకపోతే పడవనో పోలీసునో తాడునో బిడ్డ చేతికందే దూరంలో పెట్టి ఊరుకోవాలి. మనమే పడవ తోసుకొచ్చి అవ్వను ఎక్కించేయకూడదు. అలా రక్షిస్తే రక్షించింది మనం. వాడు మళ్లీ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డవాడే అవుతాడు.

అవ్వ నిజంగానే వరదలో పోయి ఉంటే? ఆటలో బతికించడం అబద్ధం కాదా అని తల్లిదండ్రులు అడుగుతారు. పిల్లలు ఆటకూ నిజానికీ తేడా తెలియకుండా ఆడరు. ఇవాళ పడవెక్కించిన వాడే వచ్చేవారం అవ్వకు దండ వేసి దీపం పెడతాడు. ఆ వరస వాడిదే కావాలి. అయితే ఆట బయట, అడిగినప్పుడు, "అవ్వ ఊరెళ్లింది" అని చెప్పొద్దు. "అవ్వ చనిపోయింది, ఇక రాదు" అని ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పాలి.

ఆటలో కళ్లు నిలబడిపోయి, మనిషి అక్కడ లేనట్టయిపోతే ఆట ఆపించి, తానిప్పుడు ఎక్కడున్నాడో గుర్తు చేయాలి. చేతికి చల్లటి నీళ్ల గ్లాసు ఇచ్చి "ఇప్పుడు మనం గదిలో ఉన్నాం. ఫ్యాను తిరుగుతోంది. అమ్మ బయట బెంచీ మీద ఉంది" అని నెమ్మదిగా చెప్పాలి.

బాగుపడుతున్నప్పుడు మధ్యలో ఒక దశలో పిల్లలు ఇంకా మొండిగా, కోపంగా తయారవుతారు. అణచుకున్నది బయటికొస్తోంది. చాలా కుటుంబాలు సరిగ్గా అక్కడే మానేస్తాయి: "ఆటలాడించి చెడగొట్టారు" అని. ఈ దశ వస్తుందని మొదటిరోజే చెప్పి ఉంచాలి. ఇంటికెళ్లేటప్పుడు బస్సులో "ఏం ఆడావు? మేడమ్‌తో ఏం చెప్పావు?" అని ఆరా తీయడం రెండో తప్పు. "బుద్ధిగా ఉంటేనే ఆటకు తీసుకెళ్తా" అని బేరం పెట్టడం మూడోది. వీటన్నిటికన్నా పెద్దది ఇంకొకటుంది. కొట్టే నాన్న ఇంకా అదే ఇంట్లో కొడుతూ ఉంటే ఏ ఇసుక తొట్టే భయాన్ని తీయలేదు, ఎందుకంటే ఆ భయం నిజం. ముందు ఇల్లు భద్రం కావాలి.

ఎన్ని సెషన్లు పడతాయి? 2005లో బ్రాటన్, రే తదితర పరిశోధకులు 93 అధ్యయనాలను కలిపి లెక్కగడితే, ఆటతో చేసిన వైద్యం గట్టి మేలే చేసిందని, 35 నుంచి 40 సెషన్ల దాకా మేలు పెరుగుతూ పోయిందని, తల్లిదండ్రులు కలిస్తే ఇంకా ఎక్కువని తేలింది. అంతకన్నా చాలా ముందే కుదుటపడే పిల్లలూ ఉన్నారు. ట్రామాకే ప్రత్యేకంగా చూస్తే ఎక్కువ ఆధారాలున్నది టీఎఫ్-సీబీటీ అనే మరో పద్ధతికి. ఆలోచన, ప్రవర్తనల మీద పనిచేసే ఆ చికిత్సలో బిడ్డా తల్లిదండ్రులూ కలిసి, సాధారణంగా 12 నుంచి 16 సెషన్లలో, జరిగినదాన్ని మెల్లమెల్లగా కథగా చెప్పుకుంటారు. చిన్నపిల్లలతో అందులోనూ బొమ్మలే వాడతారు. తెలిసిన థెరపిస్టు ఈ రెంటినీ కలిపి వాడతారు. "మాది ఒక్కటే మార్గం" అనేవాళ్లను కొంచెం అనుమానించడం మంచిది.

ఇంట్లో అరగంట

నెల్లూరుకో ఒంగోలుకో వారం వారం రావడం కూలికి పోయే తల్లికి కుదిరే పని కాదు. 1960లలో అమెరికాలో గర్నీ దంపతులు తల్లిదండ్రులకే ఈ పని నేర్పే పద్ధతి తెచ్చారు. తర్వాత లాండ్రెత్ దాన్ని పది వారాల శిక్షణగా కుదించారు. వారానికొకసారి, అరగంట, ఒక్క బిడ్డతోనే. ఒక సంచిలో విడిగా పెట్టిన బొమ్మలు ఆ అరగంటకే బయటికొస్తాయి. ఫోను పక్కగదిలో ఉంటుంది. తమ్ముణ్ణి పిన్ని ఎత్తుకుంటుంది. అమ్మ నేర్పదు, సరిచేయదు, ప్రశ్నలు వేయదు. మిగతా వారమంతా అమ్మ మామూలు అమ్మే, ఆ అరగంట మాత్రం బిడ్డ రాజ్యం. వేళ తప్పకపోవడం దీనికి ప్రాణం. రెండుసార్లు మానేస్తే, చెప్పకుండా మారిపోయే లోకంలో అమ్మను కూడా చేర్చుకుంటాడు.

ఇది మామూలు బెదురుకూ, మందకొడి దిగులుకూ సరిపోతుంది. తనకు తానే గాయం చేసుకుంటున్న బిడ్డ, చచ్చిపోతానంటున్న బిడ్డ, తిండీ మాటా మానేసిన బిడ్డ, నెల దాటినా రాత్రుళ్లు నిద్రపోని బిడ్డ వెంటనే వైద్యుల దగ్గరికి వెళ్లాలి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ బోధనాసుపత్రుల మానసిక వైద్య విభాగం మొదటి గుమ్మం. ఫోనులో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416. మన దేశంలో ప్లే థెరపిస్టు అన్న పేరు పెట్టుకోవడానికి విడిగా లైసెన్సు అడిగేవాళ్లు లేరు. కాబట్టి క్లినికల్ సైకాలజిస్టు అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఆట వైద్యంలో ఎవరి దగ్గర, ఎన్నాళ్లు శిక్షణ పొందారో కూడా అడగండి. సరైనవాళ్లు నొచ్చుకోరు.

ఆటలో లైంగిక వేధింపు కనిపిస్తే

బొమ్మలతో వయసుకు మించిన చేష్టలు కనిపించగానే చాలామంది విచారణకు దిగుతారు. "ఎవరు చేశారు? మామయ్యేనా? ఇక్కడ ముట్టుకున్నాడా?" ఇది బిడ్డకూ కేసుకూ రెండింటికీ హాని. మన నోట్లోంచి వచ్చిన పేరు బిడ్డ నోట్లోకి చేరితే, రేపు కోర్టులో బిడ్డ చెప్పిన నిజం కూడా నిలబడదు. ఒక్క ఆట చూసి జరిగిందనీ చెప్పలేం, జరగలేదనీ చెప్పలేం. బిడ్డ తానుగా ఏదైనా చెబితే వాడి మాటల్లోనే, తేదీ వేసి, అదేరోజు రాసుకోవాలి. "చెప్పి మంచి పని చేశావు, ఇది నీ తప్పు కాదు" అనాలి. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకూడదు.

ఎందుకంటే చెప్పి తీరాలి. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లలోపు బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు తెలపాలి. టీచరైనా, థెరపిస్టయినా, పక్కింటివాళ్లయినా అంతే. దాచిపెడితే ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా లేదా రెండూ. బిడ్డ వాంగ్మూలం ఇంట్లోగానీ బిడ్డకు ఇష్టమైన చోటగానీ, వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా తీసుకోవాలని 24వ సెక్షన్ చెబుతుంది. ఈ సంగతి తెలిస్తే చాలా కుటుంబాలకు స్టేషన్ భయం సగం తగ్గుతుంది. ఎటు వెళ్లాలో తోచనప్పుడు పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయొచ్చు. కేసు నడుస్తోందని బిడ్డ వైద్యం ఆపాల్సిన అవసరం లేదు.

మళ్లీ నవంబరు

చివరి సెషను ఒక్కసారిగా రాకూడదు. మూడు నాలుగు వారాల ముందే క్యాలెండరు మీద గుర్తుపెట్టి "ఇంకా మూడుసార్లు" అని చూపించాలి. ఇంతకుముందు మనుషులు చెప్పకుండా పోయారు, ఈసారి చెప్పి వీడ్కోలు తీసుకుంటున్నారు. వరద తర్వాత రెండు వారాలుండి వెళ్లిపోయే స్వచ్ఛంద కార్యకర్తలు లోతైన థెరపీ మొదలుపెట్టకూడదనేది ఇందుకే.

తేరుకున్న పిల్లవాడు కూడా మరుసటి ఏడు ఈశాన్య రుతుపవనం దిగి, టీవీలో "బంగాళాఖాతంలో అల్పపీడనం" అనగానే మళ్లీ అగ్గిపెట్టెలు తీస్తాడు. తిరగబెట్టిందని హడలిపోవద్దు. కొన్నిరోజులు ఆడనివ్వండి. నిద్ర చెడితే ఒకటి రెండు సెషన్లకు మళ్లీ తీసుకెళ్లండి. ఇంట్లో నిజమైన సంచి ఒకటి సర్దండి: టార్చి, బిస్కెట్లు, మంచినీళ్ల సీసా, మందులు, ఆధార్, రేషన్ కార్డులు ప్లాస్టిక్ కవర్లో, వాడికిష్టమైన బొమ్మ ఒకటి. ఏ షెల్టరుకు ఏ దారిన పోవాలో పగటిపూట వాడితో ఒకసారి నడిచి చూపించండి. సంచిలో ఒక పని వాడికి ఒప్పజెప్పండి, టార్చి బాధ్యత లాంటిది. పడుకోబోయే ముందు వాడే దాన్ని తీసి, నొక్కి, గోడ మీద వెలుగు పడిందో లేదో చూసి, మళ్లీ సంచిలో పెడతాడు.